ఐదు వందల ఎనభై ఏడో ర్యాంకు

కెనడాలోని ఒషావాలో ఆ ఫిబ్రవరిలో ఎంత చలి అంటే, కారు మీది మంచు గీకితే రంగు కూడా ఊడి వచ్చేది. అలాంటి రోజున మార్తీనా అనే అమ్మాయి ఇండోర్ టెన్నిస్ క్లబ్బులోకి విసవిసా వచ్చి, స్ట్రింగ్స్ తెగిన రాకెట్‌ని కౌంటర్ మీద పడేసింది.

కౌంటర్ వెనక ఉన్నవాడు సువార్తరాజు. పాలకొల్లు నుంచి చదువుకోడానికి వచ్చి, మరో ఆరుగురితో ఒక బేస్‌మెంట్‌లో ఉంటున్నాడు. ఇక్కడ పార్ట్‌టైమ్‌గా రాకెట్లకు స్ట్రింగ్స్ బిగిస్తాడు. ఇంటర్వ్యూలో అనుభవం ఉందా అని అడిగితే, "నులక మంచాలు అల్లానండి" అన్నాడు. వెంటనే తీసుకున్నారు.

"టోర్నమెంట్ ప్లేయరా మేడమ్? ఫారంలో ర్యాంకు రాయాలి."

మార్తీనా గోడ వైపు తిరిగింది. "ఐదు వందల ఎనభై ఏడు," అంది, దగ్గినట్టుగా.

"ఎక్కడ? ఒంటారియోలోనా?"

"ప్రపంచంలో."

సువార్తరాజు కుర్చీలోంచి లేచి నిలబడ్డాడు. చెయ్యి చాపాడు. "కంగ్రాచ్యులేషన్స్ మేడమ్!"

ఆమె ముఖం ఎర్రబడింది. "జోకా? పదకొండేళ్లుగా ఆడుతున్నాను. పరాగ్వేలో మా అన్నయ్య కూడా ఇంత వెటకారం చెయ్యలేదు. రేపు ఫస్ట్ రౌండ్‌లో ఓడిపోతే ఆట మానేసి, వాడి టైర్ల షాపులో కూర్చోడమే. నీకు నవ్వులాటగా ఉందా?"

"వెటకారమా! ఎంసెట్‌లో నా ర్యాంకు తొంభై నాలుగు వేలు మేడమ్. అదీ ఒక్క స్టేట్‌లో. దానికే మా అమ్మ వీధంతా లడ్డూలు పంచింది."

"ఎందుకు?"

"లక్ష దాటుతుందనుకుంది."

మార్తీనాకి నవ్వు రాబోయింది. పళ్లు బిగించి ఆపుకుంది. "సాయంత్రానికి రాకెట్ రెడీగా ఉండాలి," అని వెళ్లిపోయింది.

రాజు ఇంటికెళ్లి సంగతి చెప్పాడు. అన్నం తింటున్న రూమ్మేట్ టోనీ చెయ్యి గాల్లోనే ఆగిపోయింది.

"వరల్డ్ ర్యాంకురా? మరి ఫ్లెక్సీ ఏదీ?"

"లేదురా."

"మనం మనుషులమేనా!"

మర్నాడు కోర్టు గోడ మీద ఇరవై అడుగుల ఫ్లెక్సీ వెలిసింది. ప్రపంచ స్థాయిలో 587వ ర్యాంకు సాధించిన కుమారి మార్తీనా గారికి హృదయపూర్వక శుభాకాంక్షలు. మధ్యలో ఆమె ఫొటో, దాని వెనక ఉదయిస్తున్న సూర్యుడు. కింద నల్ల కళ్లజోళ్లతో ఏడుగురి ఫొటోలు. అందులో రాజు ఫొటో మిగతావాళ్లకి రెండింతలుంది. అది ప్రింటరు చేసిన పొరపాటు అన్నాడు రాజు.

మార్తీనా మొదటి సెట్ 1-6తో ఓడిపోయింది. తువ్వాలు ముఖానికి కప్పుకుని కూర్చుని, కాసేపటికి తీసి గోడ వైపు చూసింది.

"ఏయ్! ఏం రాశారక్కడ?"

రాజు గ్యాలరీలోంచి ఇంగ్లీషులో గట్టిగా చదివి వినిపించాడు. కోచింగ్ చెయ్యకూడదని అంపైర్ హెచ్చరించాడు.

"కోచింగ్ కాదండీ, సన్మానం!" అన్నాడు టోనీ.

మార్తీనా నవ్విన నవ్వుకి తాగుతున్న నీళ్లు ముక్కులోంచి వచ్చాయి. తర్వాత ఆమె చేసిన మొదటి సర్వీసుకి క్లబ్బు పైకప్పు మీది మంచంతా జారి తలుపుకి అడ్డం పడింది. ఇంటికి బయల్దేరినవాళ్లు నలుగురు దారిలేక వెనక్కొచ్చి మ్యాచ్ చూశారు. వాళ్ల కళ్లముందే 6-2, 6-0తో గెలిచేసింది.

రెండో రౌండ్‌లో హాయిగా ఓడిపోయింది. ఆ సాయంత్రమే సూట్‌కేసుతో సహా రాజు వాళ్ల బేస్‌మెంట్ మెట్లు దిగింది.

రాజు సూట్‌కేసు వైపు చూశాడు. "ఫ్లైట్ ఎన్నింటికి మేడమ్?"

"క్యాన్సిల్ చేశాను. వచ్చే వారం కాల్గరీలో ఇంకో టోర్నమెంట్ ఉంది."

"మరి టైర్లు?"

"అన్నయ్య చూసుకుంటాడు." ఆమె సూట్‌కేసు కింద పెట్టింది. "పదకొండేళ్లలో నాకు తెలిసిందల్లా, నా పైన ఐదు వందల ఎనభై ఆరుగురు ఉన్నారనే. కింద ఎంతమంది ఉన్నారో మీరు చెప్పేదాకా తెలీదు. ఈ బేస్‌మెంట్‌లో ఒకడంటే నాకిష్టం. వాడితో ఆ మాట చెప్పాకే కాల్గరీకి వెళ్తాను."

ఆ అదృష్టవంతుడెవడా అని రాజు వెనక్కి తిరిగి చూశాడు. గదిలో ఎవరూ లేరు. పైనున్న చిన్న కిటికీలోంచి మంచులో పన్నెండు కాళ్లు కనబడుతున్నాయి, హవాయి చెప్పులతో.

"నేనా?" అన్నాడు.

"ఇంకెవరున్నారిక్కడ?" అంది మార్తీనా.

పన్నెండు కాళ్లూ ఒక్కసారి గెంతాయి.