కండ్లు తెరవని డాక్టరు

ఇది ముందా అది ముందా అని అడిగితే చెప్పలేను. ఈ మధ్య నా తలలో వరస నిలవడం లేదు. అది తొంభై ఎనిమిదో, తొంభై తొమ్మిదో సంవత్సరం. మా ఊరి కూలిమనిషి బాలమ్మ చెప్పగా విన్నది, గుర్తున్నంత వరకు మనవరాలు షాలిని కోసం రాసిపెడుతున్నాను.

ఆళ్లగడ్డ నుంచి దొర్నిపాడు పోయే దోవలో, కాలువ వంతెన దాటగానే మూడు దోవలు కలుస్తాయి. పొద్దు గూకితే అటు ఎవరూ పోయేవారు కాదు. అక్కడ జకరయ్య డాక్టరు విగ్రహం ఉంది.

బతికినన్నాళ్లూ ఆయన మంచివాడే. ఆ చుట్టుపక్కల ఊళ్లలో కంటిపొర తీసిన మొదటి డాక్టరు. అంతకుముందు పొర కమ్మితే గోడ పట్టుకొని బతకడమే. ఆయన పోయినాక, ఆ కూడలిలోనే మూతబడిన ఆయన ఆసుపత్రి ముందర నల్లరాతి బొమ్మ నిలబెట్టారు. కోటుంది, చేతిలో టార్చిలైటుంది. కండ్లు మాత్రం లేవు… నున్నటి రాయి, అంతే.

చెక్కిన శేషయ్య పుట్టి బుద్ధెరిగినప్పటి నుంచి దేవుళ్లనే చెక్కినవాడు. దేవుడికి కండ్లు చివర్న తెరుస్తారు — తెల్లవారుజామున, ఎదురుగా అద్దం పెట్టి. తొలిచూపు మనిషి మీద పడితే ఆ మనిషి తట్టుకోలేడట. ఈ బొమ్మకూ అట్లాగే చేస్తానన్నాడు.

"మా నాయనేమన్నా దేవుడా? మేము ప్రార్థన చేసుకునేటోళ్లం. అద్దాలు గిద్దాలు వద్దు" అన్నాడు డాక్టరు కొడుకు దావీదు.

"అద్దం లేకుంటే ఉలి పెట్టను."

ఇద్దరూ దిగిరాలేదు. కండ్ల డాక్టరు గుడ్డిగానే నిలబడిపోయాడు. ఇంక జనం ఊరుకుంటారా? రాత్రిళ్లు ఆయన కండ్లు వెతుక్కుంటాండాడన్నారు. టిక్… టిక్… అని చప్పుడు విన్నామన్నారు.

బాలమ్మకు రెండు కండ్లకూ పొర కమ్మింది. డాక్టరు ఉన్నప్పుడు కత్తికి భయపడి పోలేదు. ఇప్పుడు శనగచేలో కలుపనుకొని మొక్కలే పీకేస్తాంటే, "ఇంక కూలికి రావాకులే" అనేశాడు రైతు. నంద్యాలలో కంటి క్యాంపు ఆ ఒక్కరోజే. తొలి బస్సు ఎక్కాలంటే ఆ కూడలికే పోవాల.

తోడొచ్చిన మొగుడు మద్దిలేటి, వంతెన కాడే ఆగిపోయాడు.

"నీకు కండ్లు కనపడవు కదా, దెయ్యమూ కనపడదు. పో."

"నిన్ను ఇన్నేండ్లు చూసిన కండ్లు. దెయ్యానికి జడుస్తాయా?"

చీకట్లో కాళ్లీడ్చుకుంటూ పోయింది. దినమంతా వంగిన నడుము, రాత్రంతా నిద్రలేదు. ఎక్కడన్నా కూలబడితే చాలనిపించింది.

టిక్…

నిలబడిపోయింది.

టిక్… టిక్…

"ఎదురుగా రావాకు" — ఎవరో గుసగుసగా అన్నారు.

"ఎ… ఎవురది?"

"శేషయ్యనమ్మా. ఆళ్లగడ్డ."

బొమ్మ భుజం వెనకాల లాంతరు వెలుగు మసకగా కదిలింది.

"సచ్చినోడా! పానం పోయినంత పనాయె కదరా!"

"ఏం చేయాల? ఈ బొమ్మ నాకు నిద్ర పట్టనీదు. ఎవురికీ చెప్పకుండా వచ్చి కండ్లు చెక్కినా, తెరిచే దెబ్బొక్కటే మిగిలింది. అద్దం తెస్తాంటే సైకిలు మీద నుంచి జారి పగిలిపాయె."

"అయితే ఇన్నాళ్లూ ఆ చప్పుడు నీదేనా?"

శేషయ్య ఉలి కింద పెట్టాడు.

"నేను ఈ పొద్దే వచ్చినా అమ్మా…"

బాలమ్మకు పారిపోయే ఓపిక కూడా లేదు. బొమ్మ ఎదురుగా ఉన్న బండ మీద కూలబడింది.

"ఆడ కూచోవాకు! తొలిచూపు పడతాది!"

"పడనీలే. ఈ కండ్లు ఎట్లాగూ పోయినాయి. ఇంకేం తీసుకుంటాడు? నీ పని నువ్వు కానీ."

తూరుపు తెల్లబడుతోంది. ఇంక ఆగితే పొద్దు పొడుస్తుంది. శేషయ్య దండం పెట్టుకొని, వెనక నుంచే వంగి బొమ్మ కంటికి ఉలి ఆనించాడు.

ఒక్క దెబ్బ.

రాతిపొడి ఎగిరి బాలమ్మ కుడికంట్లో పడింది. మంటకు "అమ్మా!" అని కన్ను మూసుకుంది. ఆ మంట మీదే చల్లగా… చన్నీళ్లలో ముంచిన వేలు రెప్ప మీద పెట్టినట్టు. ఆ మంట మధ్యలోనే బస్సు వచ్చింది. కొంగు చింపి కంటికి కట్టుకొని ఎక్కింది. కూర్చున్నదే తెలుసు, నంద్యాల దాకా మొద్దునిద్ర.

క్యాంపులో కుర్రడాక్టరు ఆ గుడ్డ విప్పాడు. లైటు వేసి చూశాడు. మళ్లీ చూశాడు.

"ఏమ్మా, ఎడమదానికే పొర ఉంది. ఈ కంటికి ఎప్పుడో తీసేసినారే! ఇట్లా పాతకాలం కుట్లు వేసేవాళ్లు ఇప్పుడు లేరు. ఎవరు చేసినారు?"

బాలమ్మ ఆయన కోటుకున్న గుండీలు చూస్తోంది… ఒక్కొక్కటీ.

షాలినీ, పేర్లు ఒకసారి చూడు తల్లీ. చెక్కినాయన శేషయ్యేనా, నారాయణేనా? దావీదు కొడుకా, అల్లుడా? మీ నాయననడిగి సరిచెయ్యి. నాకు గట్టిగా తెలిసింది బాలమ్మ పేరొక్కటే.