సంఘ పుస్తకంలో సుహాసిని పేజీ

మదనపల్లె చర్చిలో సంఘ పుస్తకం అని ఒకటి ఉండేది. ఎవరికి ఎప్పుడు బాప్తిస్మం అయిందో, ఎవరు ఏ తప్పు చేసి చర్చిలో రొట్టె, ద్రాక్షరసం ఇచ్చే సంస్కారానికి దూరమయ్యారో అన్నీ అందులో ఉండేవి. సంబంధాలు వెతుక్కునేవాళ్లు తీరిగ్గా వచ్చి దాన్ని తిరగేసి పోయేవాళ్లు. 1946లో కొత్తగా వచ్చిన పాదిరి శామ్యూల్ అయ్యగారు ఇది చూసి మండిపడ్డారు. ఎవరి పేజీ వాళ్లే చూసుకోవాలి, ఇంకొకరు చూడరాదని ఆజ్ఞాపించి, పుస్తకం ఉండే బీరువా తాళంచెవి దాన్ని రాసే గుమాస్తా బర్నబాస్ చేతిలో పెట్టారు.

బర్నబాస్ దాన్ని మొలతాడుకు కట్టుకున్నాడు. స్నానానికి పోయినా విప్పేవాడు కాదు.

దాంతో సంఘంలో అందరూ ఒక్కసారిగా పాపులైపోయారు. ఏదో ఉండబట్టే కదా చూపించడం లేదని జనం తేల్చేశారు. పుస్తకం తెరిచి ఉన్నప్పుడు రెండు పుకార్లు పుడితే, మూసేశాక ఇరవై పుట్టాయి.

అందరికంటే ఎక్కువ నష్టపోయింది బడిపంతులమ్మ సుహాసిని. కుప్పం నుంచి ఒకరు, పలమనేరు నుంచి ఇద్దరు ఆమెను చూడ్డానికని వచ్చి, ముందుగా ఆమె పేజీ అడిగారు. బర్నబాస్ కుదరదన్నాడు. వాళ్లు పిల్లను కూడా చూడకుండా బస్సెక్కారు. మూడోవాళ్లు పోయినప్పుడు అతనికి లోలోపల కాస్త సంతోషమే కలిగింది. అతనికి ఆమె అంటే ప్రాణం. ఆ సంగతి మాత్రం ఏ పుస్తకానికీ ఎక్కలేదు.

ఒక సాయంత్రం ఆమె వానలో తడుస్తూ వచ్చింది.

"ఏమప్పా, నా పేజీలో ఏముండాది? మా యమ్మ మూడు దినాలుగా కూడు ముట్టకుండా ఏడుస్తాండాది."

మీ పేజీ మీరు చూడొచ్చని అతను తెరిచి చూపించాడు. బాప్తిస్మం తేదీ ఒకటుంది. కిందంతా ఖాళీ. ఈ ఖాళీ కాగితానికా మూడు సంబంధాలు పోయాయని ఆమెకు నవ్వూ కోపమూ కలిసి వచ్చాయి. ఆ నవ్వు చూసి ధైర్యం తెచ్చుకుని, నాలుగో సంబంధం తనదేనని చెప్పేశాడు బర్నబాస్.

అయితే నీ పేజీ చూపమంది ఆమె.

చూపితే ఆజ్ఞ మీరినట్టు. చూపకపోతే ఏమనుకుంటారో మూడు నెలలుగా చూస్తూనే ఉన్నాడు. చివరికి బీరువాకు తాళం వేసి, నోటితోనే చెప్పాడు.

"మన సంఘమోళ్లు పోగూడదని తెలిసీ పోయినేడు పుంగనూరు జాతరలో నాటకం సూసినాను. ఎవురో పోయి పెద్దలకు సెప్పినారు. ఆరు నెలలు సంస్కారం ఇయ్యకుండా నిలిపేసినారు. నా పేజీలో ఉండేది అదే."

సుహాసిని తల వంచుకుంది. ఇక అంతా అయిపోయిందనుకున్నాడతను.

"రాణి వేషగాడికి జడ ఊడి కింద పడిపాయ సూడు, ఆ నాటకమేనా?"

"మీకెట్ల తెలుసు?"

"ఆడోళ్ల పక్క ముందు వరసలోనే ఉండాను. నా మీద సెప్పేవాళ్లు లేక నా పేజీ తెల్లగా ఉండాది." ఆమె గొంతు తగ్గింది. "ఇప్పుడు నీకు తెలిసిపాయ. రాస్తావా?"

తెలిసిన తప్పు రాయడమే అతని ఉద్యోగం. అందుకే జీతమిస్తున్నారు. బర్నబాస్ సిరాబుడ్డికి మూత గట్టిగా బిగించాడు.

"సరే. రేపు మా యింటికొచ్చి మా యమ్మనడుగు," అంది సుహాసిని. "నాటకం సంగతి మాత్రం ఆమెకు సెప్పబాకు."