బావ కూర్చున్నాడు

తూకం మావయ్యకి ఆ పేరు పెట్టింది మేనకోడలు. ఆ పిల్ల నోట్లోంచి ఊడిపడ్డ పేరు షెడ్డు దాటి, వీధి దాటి, ఆదివారాలు పాత స్పోర్ట్స్ కార్లు తోలే సరదారాయుళ్లందరి నోళ్లలోనూ పడింది. వాళ్లలో ఒకాయన పళ్ల డాక్టరు, ఇంకొకాయన లెక్కల మాస్టారు, మరొకాయనకి బట్టల కొట్టు. వారమంతా బుద్ధిమంతులు. ఆదివారం వచ్చిందంటే చాలు, హెల్మెట్ తగిలించుకుని రేసు ట్రాక్ మీద చిన్నపిల్లలైపోతారు. గెలిస్తే అరచేతిలో పట్టేంత కప్పు ఇస్తారు. దానికోసం ఒకరి మొహం ఒకరు చూసుకోకుండా నెల్లాళ్లు అలుగుతారు కూడా.

వాళ్ల బండ్లన్నీ రేసుకి ముందు మావయ్య షెడ్డుకి రావలసిందే. ఇంజను ఎంత అరిచినా, బరువు సరిగ్గా పంచకపోతే మలుపులో బండి మాట వినదని ఆయన వాదన. నాలుగు చక్రాల కింద నాలుగు తూకం పలకలు పెడతాడు. ఏ చక్రం మీద ఎంత బరువు పడుతోందో పక్కనున్న తెర మీద అంకెల్లో కనపడుతుంది. కుర్చీకి ఒక కాలు పొట్టిదైతే ఊగుతుందే, అదిగో, బండీ అంతే. స్ప్రింగుల కింద రింగులుంటాయి. వాటిని అటో ఇటో తిప్పి ఆ ఊగుడు తీసేస్తాడు. అయితే తూకం వేసేటప్పుడు సీట్లో తోలే మనిషి ఉండి తీరాలి. ఖాళీ బండిని తూచి పంపితే ఎవరూ లేని బండికి కుదురుతుంది గానీ, ఎక్కినవాడికి కుదరదు.

ఇక్కడే బావతో చిక్కొచ్చేది. బావ అంటే మావయ్య అక్కకి మొగుడు. ఎర్రటి రెండు సీట్ల బండి ఆయనది, ప్రాణం అంతా దాని మీదే. కానీ తూకానికి కూర్చోమంటే మాత్రం "ఇదిగో వస్తున్నా" అని మాయమైపోయేవాడు. విసుగెత్తి అక్క ఒకరోజు ఆయన చిరిగిన ప్యాంట్లన్నీ కత్తిరించి చిన్న చిన్న బస్తాలు కుట్టింది. వాటిలో ఇసుక పోసి సరిగ్గా ఆయన బరువుకి తూచారు, డెబ్భై నాలుగు కిలోలు. వాటి పేరు బావ బస్తాలు. మావయ్య వాటిని సీట్లో పేరుస్తూ "కూర్చో బావా" అనేవాడు. షెడ్డుని ఆనుకునే ఉన్న వంటింటి కిటికీలోంచి అక్క అడిగేది.

"ఏరా, బావ కూర్చున్నాడా?"

"కూర్చున్నాడక్కా!"

"బుద్ధిగా ఉన్నాడా?"

"బస్తాగా ఉన్నప్పుడే బుద్ధిగా ఉంటాడు!"

పనైపోయాక "దిగు బావా" అని ఒక్కో బస్తా దింపేవాడు. ఏళ్ల తరబడి ఇదే వరస. అసలు బావ ఎక్కడో మూల పిప్పరమెంటు బిళ్ల చప్పరిస్తూ ఇదంతా విని నవ్వుకునేవాడు.

ఏటా జరిగే పెద్ద రేసులో కిందటేడు బావ అందరికంటే ముందున్నాడు. ఆఖరి చుట్టు, వాళ్ల మాటల్లో లాప్, మొదలైంది. గీత దాటిన కాసేపటికే ఎర్రబండి నెమ్మదించి, గడ్డిలోకి దిగి, ఎవరో చేత్తో ఆపినట్టు మెత్తగా ఆగింది. బండికి గీత కూడా పడలేదు. పరుగెత్తుకెళ్లి చూసేసరికి బావ చేతులు స్టీరింగు మీదే ఉన్నాయి, ఎప్పట్లాగే చిటికెనవేళ్లు రెండూ బయటికి చాచి. బుగ్గలో పిప్పరమెంటు ఇంకా కరగలేదు. గుండె ఆగిపోయింది. ఇంకొక్క లాప్ ఉందనగా పోయాడు మహానుభావుడు.

ఆ తర్వాత అక్క నవ్వగా ఎవరూ చూడలేదు. బండి మీద గుడ్డ కప్పేశారు. బస్తాలు గోడవారకి చేరాయి.

మేనకోడలికి ఇరవై రెండేళ్లు. గాలొస్తే ఎగిరిపోయేలా ఉంటుందని వాళ్ల నాన్నే పిచ్చుక అని పిలిచేవాడు, ఇప్పటికీ అదే పేరు. నాన్న బండిని ఈ ఏడాది అదే రేసులో తనే తోలతానని పట్టుబట్టింది. అక్క ససేమిరా అంది. ఏడ్చింది, తిట్టింది, అన్నం మానేసింది. చివరికి ఒకరోజు తమ్ముణ్ణి పక్కకి పిలిచింది.

"నీ చేతుల్లో పెడుతున్నానురా. దాన్ని ఎలా పంపుతున్నానో అలాగే నాకు తెచ్చివ్వు."

"అలాగే అక్కా" అన్నాడు మావయ్య. ఆ మాట అన్నప్పట్నుంచి ఆయనకి సరిగ్గా ముద్ద దిగలేదు.

రేసు ముందురోజు సాయంత్రం. పిచ్చుక ఉద్యోగం నుంచి ఇంకా రాలేదు. చీకటి పడేలోపు తూకం పని తెమిలిపోవాలని మావయ్య గుడ్డ తీశాడు. షెడ్డులో గ్రీజు వాసన, పాత రబ్బరు వాసన. రేకు కప్పు ఎండ దిగి టక్కు టక్కుమంటోంది. బస్తాల వైపు చూసి కాసేపు తటపటాయించాడు. వేరే దారి లేదు. పిచ్చుక బరువు యాభై ఒకటి. అందుకు సరిపడా బస్తాలు కుడివైపు డ్రైవరు సీట్లో పేర్చి, మిగిలినవి గోడవారే వదిలేశాడు. ఆఖరి బస్తాని సర్ది, చేత్తో తట్టాడు. అలవాటైన నోరు కదా, జారిపోయింది.

"కూర్చో బావా."

వెంటనే నాలుక కరుచుకున్నాడు.

స్ప్రింగు కిర్రుమంది. సన్నగా, ఒక్కసారే. మావయ్య తెర వైపు తిరిగాడు. కుడివైపు అంకెలు సరిగ్గానే ఉన్నాయి. ఎడమవైపు అంకెలు పెరుగుతున్నాయి. ఒక్కసారిగా కాదు, నెమ్మదిగా... మోకాళ్ల నొప్పులున్న మనిషి తలుపు పట్టుకుని కిందికున్న సీట్లోకి ఒదిగి ఒదిగి దిగినట్టు. బండి ఎడమపక్కకి కాస్త వంగింది. అంకెలు ఆగాయి.

ఎడమ సీట్లో ఎవరూ లేరు.

పలకలు చెడ్డాయేమో అనుకున్నాడు. జాకీ పెట్టి బండి లేపి, పలకల్ని సున్నాకి తెచ్చి, అటువి ఇటు మార్చి మళ్లీ దింపాడు. అవే అంకెలు. ఖాళీ బండి బరువు ఆయనకి నోటికి వచ్చు. తెర మీది మొత్తంలోంచి బండినీ, పిచ్చుక బస్తాల్నీ తీసేస్తే ఎంత మిగిలిందో చూసుకున్నాడు. డెబ్భై నాలుగు.

పిప్పరమెంటు వాసన వచ్చింది.

"బావా?" అన్నాడు.

అంకె కదల్లేదు. సీటు మీది తోలు మాత్రం మధ్యలో కాస్త గుంటపడి ఉంది.

భయం వేసింది. నిజం చెప్పాలంటే, ఆ భయం కంటే ఒక్క క్షణం ముందు సంతోషం వేసింది. ఏడాదిగా ఆ గొంతు కోసం, ఆ వెకిలి నవ్వు కోసం ఎంత అల్లాడిపోయాడో ఆయనకే తెలుసు. అయినా ధైర్యం తెచ్చుకుని, ఎప్పుడూ అనేట్టే అన్నాడు.

"దిగు బావా."

అంకె చెక్కు చెదరలేదు. బావ ఎప్పుడు ఒకరి మాట విన్నాడు గనక!

అప్పుడు వంటింటి కిటికీలోంచి అక్క గొంతు వినిపించింది.

"ఏరా... బావ కూర్చున్నాడా?"

తమ్ముడి నోట ఆ పాత మాట విన్నట్టుంది పాపం.

"కూర్చున్నాడక్కా."

కిటికీ అవతల అక్క నవ్వింది. ఏడాది తర్వాత మొదటి నవ్వు. ఇంకేం చెప్తాడు? ఎలా చెప్తాడు?

రెంచి పట్టుకుని చక్రం పక్కన చతికిలబడ్డాడు. ఆ బరువు లేదనుకుని రింగులు తిప్పితే, రేపు నిజంగా అది ఉంటే మలుపులో పిల్ల గతేం కాను? ఉందనుకుని తిప్పితే, అది లేకపోతే? చివరికి మనసు రాయి చేసుకుని, తెర ఏం చూపించిందో దానికే రింగులు తిప్పాడు. కన్నతండ్రి కదా, కూతురికి కీడు తలపెడతాడా అనుకున్నాడు. పక్కన కూర్చుని చూసుకుంటాడు. ఇద్దరు మనుషులకి బండి కట్టి, లైటు తీసేసి, వెనక్కి చూడకుండా బయటికొచ్చేశాడు.

తెల్లారేసరికి ట్రాక్ మీద పొగమంచు. పది అడుగుల అవతల ఏముందో తెలియడం లేదు. ఇంజన్ల చప్పుళ్లు వినిపిస్తున్నాయి గానీ బండ్లు కనపడవు. మంచు కాస్త విడగానే సాధన కోసం అందరినీ వదిలారు. పిచ్చుక వెళ్లింది. మావయ్య ట్రాక్ పక్క గోడ దగ్గర నిలబడ్డాడు. ఎర్రబండి గీత గీసినట్టు మలుపులు తిరిగింది. వణకలేదు, జారలేదు.

తిరిగొచ్చి హెల్మెట్ తీసింది పిచ్చుక. మొహం వెలిగిపోతోంది.

"మావయ్యా, ఏం చేశావ్? బండి వెన్నలా పోతోంది!"

"నీకేమీ... తేడా అనిపించలేదా?"

పిల్ల అటూ ఇటూ చూసింది. గొంతు తగ్గించింది.

"నవ్వకు మరి. నాన్న పక్కనే ఉన్నట్టుంది. ఎడమ భుజం ఒక్కటే చల్లబడిపోయింది. గేరు రాడ్డు పట్టుకుంటే... నా చేతి కింద ఇంకో చెయ్యి ముందే ఉన్నట్టుంది."

మావయ్య పిల్ల చేతిలోంచి హెల్మెట్ తీసుకున్నాడు.

"ఇవాళ్టికి చాలు తల్లీ. ఇంటికి పోదాం."

"అమ్మ చూడు, ఎలా నవ్వుతోందో! ఈ ఒక్క రేసు మావయ్యా."

"మరి నేను దిగమంటే దిగుతావా?"

"నీ మాట ఎప్పుడైనా కాదన్నానా?"

అదీ నిజమే. చిన్నప్పట్నుంచీ తల్లి మాట వినకపోయినా మావయ్య మాట జవదాటలేదు ఆ పిల్ల.

రేసుకి ముందు ప్రతి బండినీ మనిషితో సహా తూచి గాని లోపలికి వదలరు. గేటు పక్క షెడ్డులో మావయ్య పలకలే వాడుతున్నారు. తనిఖీ చేసే పెద్దమనిషి చెయ్యూపాడు, ఎర్రబండి నాలుగు పలకల మీదికీ ఎక్కి ఆగింది. పిచ్చుక హెల్మెట్ అద్దం దించుకుంది. మావయ్య తెర చూశాడు. నిన్నటి అంకెలే. ఎడమవైపు డెబ్భై నాలుగు కిలోల బావ బుద్ధిగా కూర్చునే ఉన్నాడు. హమ్మయ్య అనుకున్నాడు.

ఎడమవైపు అంకెలు తగ్గడం మొదలుపెట్టాయి.

కుడివైపువి పెరుగుతున్నాయి.

నెమ్మదిగా... ఒక సీట్లోంచి ఇంకో సీట్లోకి మనిషి జరుగుతున్నట్టు.

బండి కుడిపక్కకి వంగింది. లోపల పిచ్చుక తల ఒక్కసారి వెనక్కి వాలి, మళ్లీ నిటారుగా నిలిచింది. స్టీరింగు మీద చేతులు వదులయ్యాయి. మళ్లీ బిగుసుకున్నాయి. ఈసారి రెండు చిటికెనవేళ్లూ స్టీరింగు బయటికి చాచి ఉన్నాయి. అలా పట్టుకునే మనిషి ఒక్కడే...

మావయ్య తెర వదిలేసి తలుపు మీద పడ్డాడు. అద్దం మీద అరచేత్తో బాదాడు.

"దిగు! దిగు తల్లీ, దిగిపో!"

తలుపు తెరుచుకోలేదు. కానీ బండి కుడివైపు చివాల్న లేచింది, ఎవరో దిగినట్టు. మావయ్య చెంప మీదుగా చల్లటి గాలి ఒకటి పోయింది.

హెల్మెట్ ఆయన వైపు తిరిగింది. నల్లద్దం వెనక ఏమీ కనపడలేదు. పిప్పరమెంటు వాసన గుప్పుమంది. గొంతు పిచ్చుకదే, మాట మాత్రం కాదు.

"ఇంకొక్క లాపే, బామ్మర్దీ."

తనిఖీ పెద్దమనిషి జెండా ఊపాడు. ఎర్రబండి పలకలు దిగి పలచటి పొగమంచులోకి దూసుకుపోయింది. మావయ్య అరిచాడు. ఇంజన్ల రొదలో ఆ అరుపు ఎవరికీ వినపడలేదు.

అక్క పరుగున వచ్చి తమ్ముడి చెయ్యి పట్టుకుంది. కళ్లనిండా నీళ్లు, మొహం నిండా నవ్వు.

"చూశావురా ఎలా పోతోందో! అచ్చం ఆయన తోలినట్టే ఉంది కదూ?"

వెనకనుంచి తనిఖీ పెద్దమనిషి తెరని వేలితో కొడుతూ పిలిచాడు.

"ఇదిగో, మీ పలక ఒకటి చెడినట్టుందండీ. బండి పోయినా సున్నాకి రావట్లేదు."

మూడు పలకలు సున్నా చూపిస్తున్నాయి. డ్రైవరు తలుపు పక్కనున్న నాలుగో పలక మాత్రం యాభై ఒకటి చూపిస్తోంది. దాని మీద ఏమీ లేదు. అంకె నిలకడగా లేదు. యాభై... యాభై ఒకటి... యాభై... చలికి ఒక కాలి మీంచి ఇంకో కాలి మీదికి మారుతున్నట్టు.

మావయ్య ఆ పలక ముందు మోకాళ్ల మీద కూలబడ్డాడు. అక్కకి వినపడకుండా, పెదాలు మాత్రమే కదిపాడు.

"అక్కడే ఉండు తల్లీ... నేను చెప్పేదాకా కదలకు."

తెర మీద అంకె కదలడం మానేసింది.