సీతాఫలాల గది

నా రాతలో తప్పులుంటాయి. ముసలితనంలో దిద్దుకున్న అక్షరాలు, ఒక్కో మాటకీ చెయ్యి ఆగుతుంది. ఓర్చుకుని చదవండి.

ఆ ఉదయం టీ గ్లాసు పట్టుకునే సత్యశ్రీ పక్కగది తలుపు తీసింది. అది చనిపోయిన మామగారి గది. ఇప్పుడు అందులోనే, ఏజెన్సీ కొండల నుంచి నర్సీపట్నం దిగిన సీతాఫలాలకు పల్చని పూత పూసి, ఒక్కోదాన్నీ కవరులో పెట్టి, అంచులు వేడితో అతికించి విశాఖ పంపుతున్నారు.

నిన్న బిగుతుగా ఉన్న కవర్లన్నీ వదులైపోయాయి. వెలుగులో పట్టి చూసింది. ప్రతిదానికీ, సరిగ్గా తొడిమ దగ్గర, సన్నని చిల్లు. ఎలుక పని కాదు. ఎవరో పండుకు నోరెక్కడుందో వెతికి మరీ పొడిచినట్టుంది.

"మళ్లీనా?" ఆమె భర్త వీరేంద్ర గుమ్మంలోనే ఆగిపోయాడు. "గాలెళ్తే బేగి మాగిపోయి దార్లోనే పగిలిపోతాయి. ఈసారి పాడైతే ఇంక తేవొద్దని విశాఖ షాపాయన సెప్పేసాడు. మనకున్నది ఆయనొక్కడే."

లోడు ఎత్తడానికొచ్చిన గంగులు గడప దాటలేదు. "నిన్న లోపల పెద్దాయన మంచం కిర్రుమంది బాబూ."

"మంచం ఎప్పుడో తీసేసాం కదరా."

"అందుకే సెప్తన్నాను."

కొత్త పండ్లు ప్యాక్ చేసి, తాళం వేసి, మధ్యాహ్నం ఇద్దరూ అన్నానికి కూర్చున్నారు. అత్త అప్పలకొండమ్మ తర్వాత తింటానంది. రెండో ముద్ద దగ్గర గదిలోంచి 'టప్' మని వినిపించింది. కాసేపాగి, మళ్లీ. సత్యశ్రీ కంచం వదిలి లేచింది.

వెళ్లి చూస్తే తాళం తీసి ఉంది. లోపల అప్పలకొండమ్మ కళ్లు మూసుకుని, ఒళ్లోని పండు తొడిమను తడుముతూ, బొంతలు కుట్టే సూదితో కవరు పొడుస్తోంది.

"తీసుకో నాయనా, తీసుకో."

"నువ్వా?" వీరేంద్ర అరిచాడు. "మా కూట్లో మట్టి కొడతన్నావేటమ్మా?"

"నీ పెళ్లామే సెప్పింది, కోసినాక కూడా పండు ఊపిరి తీస్తాదని. గాలి తగ్గించి మూసీసామని. అదిన్నాక నాకు ముద్ద దిగుతాదేటి? మీ నాన్న గాలాడక కొట్టుకున్నాడు."

"ఊపిరి ఆపేది కాదత్తా," సత్యశ్రీ పక్కన కూర్చుంది. "ఈ కవర్లోంచి కొంచెం కొంచెం గాలెళ్తాది. నిద్దరోతాయి, అంతే."

"ఆస్పత్రోళ్లూ నిద్దరే అన్నారు. నన్ను బైటికి పంపి తలుపేసీసారు. నువ్వు మందులకెళ్లావు కదరా. ఆ లోపల ఆయనకెలాగుందో సూసినోడెవుడు?"

వీరేంద్ర వచ్చి తల్లి ముందు కూర్చున్నాడు. ఆమె చేతిలోని సూది తీసుకుని అన్నాడు:

"నాను. మందులట్టుకొచ్చి ఎనక తలుపులోంచి లోపలికెళ్లాను. నా సెయ్యి పట్టుకునే ఉన్నాడమ్మా. ఆఖర్న కొట్టుకోలేదు. ఊపిరి నెమ్మదిగా తీసుకున్నాడు, నెమ్మదిగా ఒగ్గీసాడు."

"ఇన్నాళ్లూ సెప్పలేదేరా?"

"సెప్తే మళ్లీ అదంతా సూడాలి కదమ్మా."

ఆమె కొడుకు తల ఒళ్లోకి లాక్కుంది. ఇద్దరి ఏడుపూ సద్దుమణిగే దాకా సత్యశ్రీ కదలలేదు. ఆ తర్వాత చిల్లుపడ్డవన్నీ విప్పి కొత్త కవర్లలో పెట్టి అతికించింది.

అప్పలకొండమ్మ ఒకదాని మీద అరచెయ్యి ఆనించింది. కవరుకు లోపలి నుంచి మెల్లగా ఆవిరి పట్టింది. ఆమె ఉలిక్కిపడింది గానీ చెయ్యి తియ్యలేదు.

"ఉంది," అంది. "బతికే ఉంది. పంపండి."

— కొండలమ్మ, అరవై ఏడేళ్లు. ఇప్పుడు రోలుగుంటలో మా చెల్లెలింట్లో ఉంటున్నాను.