వెనక సీటు లెక్క

నా కారంటే నాకు ప్రాణం. అంతకుముందు నడిపిన మతాతు, అదే జనాన్ని కుక్కి తిప్పే వ్యాను, నా నడుము విరగ్గొట్టేసింది. ఈ కారు సీటు అలా కాదు, నడుము వెనక చెయ్యి పెట్టి పట్టుకున్నట్టుంటుంది. మలుపులో ఒళ్ళు ఒరగనివ్వదు. బురదలో చక్రం జారితే తనే సర్దుకుంటుంది. జపాన్‌లో ఎవరో వాడి అమ్మేస్తే మొంబాసా ఓడరేవులో దిగింది. నకూరు నుంచి నైరోబీకి జనాన్ని తిప్పుకునే నాలాంటిదానికి ఇంకేం కావాలి?

ఒక్కటే చిరాకు. అది మాట్లాడుతుంది. తాళం తిప్పగానే జపాన్ భాషలో ఓ ఆడగొంతు. మా ఊళ్ళో ఇలాంటి కార్లన్నీ మాట్లాడతాయి, ఎవరికీ అర్థం కాదు, ఎవరూ పట్టించుకోరు. మా అమ్మయితే అది ప్రయాణానికి ముందు ప్రార్థన అనుకుని "ఆమెన్" అనేది.

దానికి తోడు బెల్టు గోల. మీటర్ల పక్కన సీటుకో చిన్న బొమ్మ ఉంటుంది. మనిషి కూర్చుని బెల్టు పెట్టుకుంటే పచ్చ, పెట్టుకోకపోతే ఎరుపు, సీటు ఖాళీగా ఉంటే అసలు వెలగదు. నా వెనక సీటు బొమ్మ మాత్రం ఎవరూ లేకపోయినా ఎర్రగా వెలిగి, కీచుకీచుమంటూ నా ప్రాణం తీసేది.

"సీటు కింద బరువు చూసే మిషను పోయింది. దీని నోరు నొక్కేద్దాం," అన్నాడు మెకానిక్ ముథే. పాత బెల్టు నుంచి కోసిన ఇనప నాలుక తెచ్చి ఆ సీటు బెల్టు పెట్టే సందులో గుచ్చాడు. టిక్. బొమ్మ పచ్చబడింది, గోల ఆగింది.

మా అమ్మకి అదీ నచ్చలేదు. "మనుషుల్ని లెక్కపెట్టే కారేంటే నీ మొహం!" అంది. మేం కికూయు తెగ వాళ్ళం పిల్లల్ని లెక్కపెట్టం. ఎందరని అడిగితే పేర్లు చెబుతాం గాని అంకె చెప్పం. లెక్కపెడితే ఒకరు తగ్గుతారట. "ఊరుకోవే అమ్మా, నీ చాదస్తం," అన్నాను.

జూలై చలిలో ఒక మధ్యాహ్నం నైరోబీ బయల్దేరాను. నా ఒక్కగానొక్క కూతురు వైరూరిని చెల్లెలింట్లో దించాలి. దానికి ఆరేళ్ళు. వాళ్ళమ్మమ్మ అల్లిన ఎర్ర ఉన్ని టోపీ పెట్టి, ఎడమవైపు వెనక సీట్లో కూర్చోబెట్టి, బెల్టు నా చేత్తో పెట్టాను. నా పక్కన పొరుగింటి పిల్ల వంగెచి. ఒసాకాలో చదువుకుని అప్పుడే వచ్చింది.

తాళం తిప్పాను. గొంతు పలికింది. ఇది మా ప్రార్థన అంటే వంగెచి పడీపడీ నవ్వింది.

"ప్రార్థనేంటి ఆంటీ! టోల్‌గేటు కార్డు పెట్టలేదు అంటోంది!"

"ఓసి దీని దుంపతెగ! ఇన్నాళ్ళూ కార్డుకా మేం ఆమెన్ చెప్పింది?"

నైవాషా దాటి కొండెక్కేదాకా నవ్వుతూనే ఉన్నాం. కిమెండే దగ్గర పొగమంచు దిగింది. పట్టపగలే దారి మాయమైపోయింది. ఎదుటి లారీ కనపడటం లేదు, కాలిన బ్రేకుల వాసన మాత్రం లోపలికొస్తోంది. అద్దం తుడిచే కర్రలు కిర్రుకిర్రుమంటున్నాయి.

నా వీపులో ఏదో పొడిచింది.

"వైరూరీ, సీటు తన్నకు."

"నేను కాదమ్మా. నేనిక్కడున్నా."

నిజమే. అది ఉన్నది వంగెచి వెనక. దాని కాళ్ళు నా దాకా రావు.

మళ్ళీ పొడిచింది... మెల్లగా... రెండు చిన్న మోకాళ్ళు.

టిక్.

నా వెనక బొమ్మ ఎర్రబడింది. ముథే గుచ్చిన నాలుక ఊడి కింద పడ్డ చప్పుడు వినపడింది. కారు మాట్లాడింది. ఎప్పుడూ వినని మాట.

"ఏమంటోందే?"

వంగెచి నవ్వలేదు. "బిడ్డకి బెల్టు పెట్టండి... అంటోంది."

"పెట్టాగా!"

"కుడివైపు బిడ్డకి... అంటోంది ఆంటీ." గొంతు తగ్గించింది. "కార్లు బిడ్డ అని అనవు."

వెనక లారీ హారను కొడుతోంది, ఆపడానికి లేదు. అద్దంలోకి చూశాను. ఎర్ర టోపీ. దాని పక్కన... ఇంకో ఎర్ర టోపీ. రెండూ తలలు వంచుకుని ఉన్నాయి. ఏది నా బిడ్డో తెలియలేదు. నా నోరు పడిపోను, పైకి అనేశాను.

"ఒకటి... రెండు..."

వెనక తలుపు తెరుచుకుంది. చల్లటి మంచు లోపలికి కొట్టింది. తలుపు టపీమని మూసుకుంది.

బ్రేకు తొక్కాను. కారు ఒక్క అంగుళం కూడా పక్కకి జారలేదు. వెనక్కి తిరిగాను. ఒక్కటే టోపీ. ఎడమ సీట్లో, బెల్టు పెట్టుకుని.

"పోదాం అమ్మా," అంది నా కూతురు.

దాన్ని పట్టుకుని బావురుమన్నాను. ఏ దేవుడో కాపాడాడనుకున్నాను. బండి కదిలించాక చూస్తే ఎడమ బొమ్మ వెలగడం లేదు. అదీ చెడిందిలే అని నాకు నేను చెప్పుకున్నాను.

ఊరికి తిరిగొచ్చి చూపిస్తే ముథే ఆ ఎడమ సీటు మీద చేత్తో నొక్కాడు. బొమ్మ వెలిగింది. "దీనికేం, శుభ్రంగా ఉంది," అన్నాడు. ఆ కారు అమ్మేశాను. కొత్త కారులోనూ అంతే. మొక్కజొన్న సంచి పెడితే వెలుగుతుంది. వైరూరిని కూర్చోబెడితే వెలగదు. అది బాగానే తింటుంది, బాగానే నవ్వుతుంది. బెల్టంటే ఇంతెత్తున లేచే పిల్ల ఇప్పుడు తనే పెట్టుకుంటుంది. మా అమ్మ మాత్రం దాన్ని పేరు పెట్టి పిలవడం మానేసింది.

మొన్న మళ్ళీ కిమెండే మీదుగా వస్తున్నాం. మళ్ళీ అదే పొగమంచు. రోడ్డు పక్కన ఎర్రగా ఏదో కదిలింది. చిన్న చెయ్యి ఒకటి ఆపమని ఊపుతోంది.

నా కాలు బ్రేకు మీదికి వెళ్ళింది.

"ఆపకమ్మా," అంది వెనక నుంచి నా కూతురు.