పొట్టు లేని వరస

సెప్టెంబరు చివరికి వచ్చేసరికి ఎలియూతేరియోకి ఓపిక అడుగంటింది. ఇరవై రెండు రోజులుగా సెలవన్న మాట లేదు. చెట్టు మొదలు పట్టి కుదిపే బండి పని ఎప్పుడో అయిపోయింది. రాలిన బాదంకాయలు నేలమీద వారం ఎండాయి. ఇక ఊడ్చి ఎత్తడమే. మర్నాడు వాన అన్నారు. కాయ తడిస్తే బూజు పడుతుంది, ఇన్నాళ్ళ కష్టం మట్టిపాలవుతుంది.

బావమరిది సిల్వెస్త్రే ముందు ఊడ్చే బండి నడుపుతూ కాయల్ని వరస మధ్య గట్టులా పోస్తాడు. ఎలియూతేరియో వెనకే ఎత్తే బండితో ఆ గట్టును ఎత్తుకుంటూ వస్తాడు. మిగిలింది పాత తోట ఒక్కటే. చెట్లు మరీ ఇరుగ్గా ఉండటంతో ఇంతకాలం అందులోకి బండి పోలేదు. మనుషులే కర్రలతో కొట్టి, అక్కడే వరసలుగా కూర్చుని పొట్టు ఒలిచేవారట. సన్న బండ్లు వచ్చింది ఈ ఏడే.

పొద్దున్న ఎలియూతేరియో చేతికి రొట్టెల మూట ఇస్తూ భార్య యూలాలియా ఒకటికి రెండుసార్లు చెప్పింది.

"మా తమ్ముడు నిద్రలో నడుస్తున్నాడు. పొద్దు ఉండగానే వాణ్ణి ఇంటికి తీసుకురా."

"మరి నేనో?"

"నువ్వు పోతే ఇంకో మొగుణ్ణి చూసుకుంటా. తమ్ముణ్ణి ఎక్కణ్ణించి తెచ్చుకోను?"

మూడింటికి పాత తోట దగ్గర ఆగారు. సిల్వెస్త్రే నవ్వాడు. "బావా, నీ కళ్ళు మూతలు పడుతున్నాయి. కాసేపు కునుకు తియ్యి. ఈలోగా రెండు వరసలు ఊడ్చేస్తా."

"రెండు బండ్లూ కలిసే పోవాలిరా."

"ముసలి కబుర్లు ఆపి పడుకో."

పడుకున్నాడు. అలసిన మనిషికి అంతకంటే తీపి మాట ఏముంటుంది? లేచి గడియారం చూస్తే పావుగంటే అయింది. వాకీటాకీలో పిలిచాడు. గరగర తప్ప జవాబు లేదు. వరసలో మాత్రం గట్టు సిద్ధంగా ఉంది, దారం పట్టి పోసినట్టు తిన్నగా.

గట్టు కనిపిస్తే దాని వెంట పోవడమే ఎత్తే బండివాడి అలవాటు. ఎవరు పోశారని చూడడు. ఎలియూతేరియో కూడా చూడలేదు. బండి మూలిగింది. దుమ్ము లేచి, ఎండ మసకబారి, నాలుగు చెట్ల అవతల ఏమీ కనబడకుండా పోయింది. ముక్కులో పచ్చి తొక్క వాసన. ఎండిన కాయకి ఆ వాసన ఎక్కడిది?

వెనక తొట్టిలో పడే చప్పుడు కూడా మారింది. తిరిగి చూశాడు. కాయలన్నీ పొట్టు ఒలిచి ఉన్నాయి. ఒక్కదానికీ పొట్టు లేదు. పొట్టు తీసే మిల్లు ఇక్కడికి పన్నెండు మైళ్ళు...

నేల చూశాడు. సిల్వెస్త్రే బండి చక్రాల జాడ లేదు. చేత్తో లాగే దంతెల గీతలే... వరస పొడవునా.

ముందు దుమ్ములో ఎవరో కూర్చుని ఉన్నారు.

బ్రేకు తొక్కాడు. బండి మూతి జానెడు దూరంలో ఆగింది. సిల్వెస్త్రే! బాసింపట్టు వేసుకుని, తల వంచుకుని, కాయ ఒలుస్తున్నాడు.

"ఒరేయ్! చచ్చేవాడివి కదరా!"

"మెల్లగా..." గుసగుసలాడాడు సిల్వెస్త్రే. "వాళ్ళు వింటారు. ఈ కుప్ప అయిపోనీ."

ఎలియూతేరియో అతని చేతులు పట్టుకున్నాడు. బొటనవేళ్ళకు గోళ్ళు లేవు. రక్తమూ లేదు. గోళ్ళు ఊడిన చోట చర్మం గట్టిపడి, ఏళ్ళ కిందట మానిన గాయంలా నున్నగా ఉంది. పొద్దున్న ఈ చేతులే రొట్టె తుంచి తనకు పెట్టాయి.

దుమ్ము అణిగింది. వరస పొడవునా నేల మీద గుంటలు... మనుషులు ఎంతోకాలం కూర్చుంటే పడే గుంటలు. ప్రతిదాని పక్కా పచ్చి పొట్టు.

సిల్వెస్త్రేని ఎలా ఈడ్చుకొచ్చి తోట బయట ఆపిన కారులో పడేశాడో ఎలియూతేరియోకే తెలియదు. రోడ్డెక్కేదాకా వెనక్కి చూడలేదు.

"బావా," అన్నాడు సిల్వెస్త్రే, "ఇన్నేళ్ళకు గుర్తొచ్చానా?"

"పావుగంటరా. పావుగంటే అయింది."

సిల్వెస్త్రే నమ్మలేదు. జాలిగా చూశాడు. "నువ్వు రాలేదని అక్కే నన్ను వెతుక్కుంటూ వచ్చింది. నా పక్కనే కూర్చుని ఒలిచింది. మొన్న చలికాలంలో పోయింది. నా చేతుల్తోనే పాతిపెట్టాను."

ఎలియూతేరియోకి ఏడుపొచ్చింది. ఎండదెబ్బ, నిద్ర లేదు, మతి చెదిరింది అని తనకు తానే చెప్పుకున్నాడు. అంతలో ఫోను మోగింది. యూలాలియా. హమ్మయ్య అనుకుని చెయ్యి చాచాడు.

సిల్వెస్త్రే ఆ గోళ్ళు లేని చేత్తో అతని మణికట్టు గట్టిగా పట్టుకున్నాడు.

"ఎత్తకు బావా. అక్క చనిపోయే ముందు చెప్పింది... ఇంట్లో ఉన్నది తను కాదట."