కఫ్‌లు తొడుక్కున్న తాటిమొక్క

“ముప్పై రోజుల్లో ఈ గోతికి మూత, ఈ దారికి దీపం — యాజమాన్యం.”

చొక్కాల ఫ్యాక్టరీ వెనక గేటు దగ్గర రెండేళ్ల కిందట ఈ రేకు బోర్డు పెట్టారు. మూత రాలేదు. దీపం రాలేదు. ఇరవై తొమ్మిదో రోజున మాత్రం ఒక తాటిమొక్క వచ్చింది.

మామూలు తాడి కాదు. విసనకర్రల్లాంటి ఆకులతో నడుమెత్తున ఆగిపోయే పొట్టి రకం. ఎక్కడో వెచ్చని సముద్రతీరాల్లో పుట్టిందట. పట్టించుకోకపోయినా బతికేస్తుందట, అచ్చం కుట్టుహాలు జనంలాగే. మేనేజరుకు అందుకే నచ్చి ఉంటుంది. గోతి పక్కన నాటించి, ఫొటో దిగి వెళ్లాడు. అది పిలకలు వేసి గుబురయ్యేసరికి గొయ్యి కనబడకుండా పోయింది. బోర్డూ కనబడకుండా పోయింది.

అప్పటినుంచే ఆ చోటికి పేరు చెడింది.

చీకట్లో అటు వెళితే... ఆకులు అరచేతుల్లా విచ్చుకుని రమ్మంటాయట. కింద నుంచి ఎవరో టంగ్... టంగ్... అని కొడతారట. దాన్ని మంచి చేసుకోవడానికి కుట్టుహాలు ఆడవాళ్లు పగటిపూట వెళ్లి, మిగిలిపోయిన కఫ్‌లు తెచ్చి ఒక్కో ఆకు కాడకు తొడిగి బొత్తాం పెట్టేవారు. దాంతో చెయ్యిలా ఉన్న ఆకు నిజంగానే చొక్కా వేసుకున్న చెయ్యయింది. భయం తగ్గకపోగా రెండింతలైంది.

కిందటి నెల రాత్రి కాపలాదారు అక్కడే పడి కాలు విరగ్గొట్టుకున్నాడు.

“కాలికింద నేల తిరగబడింది సార్,” అన్నాడు.

మేనేజరు “తాగి పడ్డాడు” అని కాగితం మీద రాసి ఉద్యోగం పీకేశాడు. ఆ మనిషి టీ తప్ప ఏదీ ఎరగడు. కానీ తాటిచెట్టు కింద పాలు తాగినా కల్లే అంటారు కదా. చెట్టు పొట్టిదైతే సామెత పొట్టిదవుతుందా?

అతని భార్య అదే హాల్లో కఫ్‌లు కుడుతుంది. అందరికీ ఆమె వదిన. ఉద్యోగం పోయినప్పుడు ఓర్చుకుంది. ఏడేళ్ల కూతురు “నాన్న తాగుతాడా అమ్మా?” అని అడిగినప్పుడు మాత్రం ఒళ్లు మండింది.

ఆ రాత్రి షిఫ్టు వదలగానే వెనక గేటు దారి పట్టింది. బొత్తాలు కుట్టే అత్త గోడ మలుపు దాకా వెంట వచ్చింది.

“వద్దే... అది పిలిస్తే పలక్కు,” గుసగుసగా అంది అత్త.

“పలుకుతా అత్తా. ఈ ఫ్యాక్టరీలో మనల్ని చెయ్యూపి రమ్మనేది అదొక్కటేగా.”

“నీ కాలూ విరిగితే?”

“నేనూ తాగానని రాస్తారు. మొగుడూ పెళ్లాం జోడీ కుదురుతుంది.”

అత్త అక్కడే ఆగిపోయింది. వదిన ముందుకు నడిచింది. ఒక చేతిలో కత్తెర, ఒక చేతిలో ఫోను వెలుతురు. గోడ మీద “భద్రతే మా ఊపిరి” అన్న అక్షరాలు దాటింది. గాలి లేచింది. తెల్ల కఫ్‌ల చేతులు పదో పన్నెండో ఒక్కసారిగా ఊగాయి... రా... రా...

టంగ్.

ఎవరో కొంగు పట్టుకున్నారు.

లాగింది. వదల్లేదు. మెల్లగా వెలుతురు అటు తిప్పింది. ఆకు కాడ అంచున వరసగా ముళ్లు. పట్టుకున్నది అవే.

“ఇంతేనా నువ్వు,” అని కొంగు విడిపించుకుని, కాడల్ని ఒక్కొక్కటే కత్తిరించింది.

టంగ్... టంగ్... ఈసారి కాళ్ల దగ్గరే.

వంగింది. గోతి మీద ఒక రేకు. గాలికి అంచు లేచి పడుతోంది. తన మొగుడు పడ్డాక కూడా ఎవరో దాన్ని మళ్లీ జాగ్రత్తగా సర్దిపెట్టారు. కత్తెర మొనతో నొక్కింది — రేకు గిర్రున తిరగబడబోయింది. దాని కింద చీకటి... అడుగు కనబడలేదు.

నేల తిరగబడింది సార్.

రేకును బయటికి లాగి బోర్లా తిప్పి, మట్టి తుడిచింది.

“ముప్పై రోజుల్లో ఈ గోతికి మూత...”

పాపం, మాట తప్పారని నింద వెయ్యకూడదు. మూత వేశారు. ఇచ్చిన మాటనే వేశారు.

తెల్లారేసరికి ఆ బోర్డు ముందు గేటుకు వేలాడుతోంది, ఒక మూలకు కఫ్ తొడుక్కుని. పాత అక్షరాల కింద, గుడ్డ మీద గీతలు గీసే సుద్దతో కొత్త అక్షరాలు:

“మీలా మేం ముప్పై రోజులు ఇవ్వం. తాగి పడ్డాడని రాసిన చేత్తోనే అది అబద్ధమని రాయాలి. గడువు పది రోజులే: డిసెంబరు పది.”